‘ఏరు’ అనాలా, ‘నది’ అనాలా?

సంపాదకులకు నమస్కారం.

మాది పర్లాకిమిడి. బడిలో ఒడియాలో చదివే పిల్లలకు ఆదివారాలు మా అరుగు మీద తెలుగు నేర్పుతుంటాను. ఈమధ్య ఆరుగురి చేత తెలుగు వికీపీడియా ‘ప్రయోగశాల’లో (రాసి చూసుకునే పేజీలో) మా ఊరి దగ్గర పారే మహేంద్రతనయ గురించి రాయించాను. ఒకరు రాసింది ఇంకొకరు దిద్దారు. ఎవరు ఏ మాట మార్చారో ‘చరిత్ర’లో ఉంటుంది, చెడితే పాత ప్రతి తెచ్చుకోవచ్చు. దాంతో తప్పు రాస్తామన్న భయం పోయింది. ‘ఏరు’ అనాలా, ‘నది’ అనాలా అని చర్చ పేజీలో రెండు వారాలు వాదించుకున్నారు! పలక మీద నేను దిద్దిస్తే అంత ఆలోచించేవారు కాదు. వాడుక మాట కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు మరి. 2003 నుంచీ ఉన్న తెలుగు వికీ మా సరిహద్దు పిల్లలకు తెలియదు. మీ పిల్లల పేజీలో నెలకొక వికీ పాఠం వేయండి.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయిని, పర్లాకిమిడి, గజపతి జిల్లా