ఇకపై సగం అయిన చీరలు కూడా చూపిస్తాను

నమస్కారం అండీ.

మా దగ్గర కలంకారీ చీరలు, దుపట్టాలు తీసుకున్నవాళ్లకీ, ఆర్డర్ ఇచ్చి ఎదురు చూస్తున్నవాళ్లకీ ఈ ఉత్తరం. కొన్ని నెలలుగా నా వాట్సాప్ స్టేటస్‌లో, ఇన్‌స్టాగ్రామ్‌లో మరకలు పడ్డ గుడ్డలు, రంగు ఎక్కని బొమ్మలు, కళ్లు దిద్దని ముఖాలు కనిపిస్తున్నాయి. "ఏమ్మా, వ్యాపారం బాగానే నడుస్తోందా? ఇవన్నీ ఎందుకు పెడుతున్నావు?" అని చాలామంది అడిగారు. అది చెప్పాలంటే ముందు మీలో కొందరికి నేను ఆడిన అబద్ధం గురించి చెప్పాలి.

గత నవంబరులో ఒక పెళ్లికి అయిదు చీరలు చేసిస్తానని ఒప్పుకున్నాను. హైదరాబాద్‌లో ఉండే కుటుంబం, సగం డబ్బు ముందే పంపారు. మా శ్రీకాళహస్తి వైపు గట్టి వానలు పడేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఆ సంగతి తెలిసి కూడా తేదీ ఒప్పుకున్నాను. అది నా ఆశ.

కలంకారీలో గీత గీయకముందే గుడ్డని కరక్కాయ పొడి కలిపిన పచ్చి గేదెపాలలో ముంచి, పిండి, ఎండలో ఆరేస్తాం. పాలలో ఉండే వెన్న వల్ల రంగు పాకకుండా గీసిన చోటే నిలుస్తుంది. నలుపు కోసం వాడేది కసిం. తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, బెల్లం నీళ్లలో వేసి రెండు మూడు వారాలు పులియబెడితే వచ్చేది. ఆ ఇనుము, కరక్కాయలోని వగరు కలిసినప్పుడే గీత నల్లబడుతుంది. ఇంతటికీ ఎండ కావాలి. ఆ వారమంతా ఎండ లేదు. గుడ్డ చేతికి పొడిగానే తగిలింది కానీ లోపల చెమ్మ మిగిలిపోయింది.

నాకు గీత నేర్పిన మాస్టారు పల్లూలో సీతమ్మ చెయ్యి గీస్తున్నారు. నేను పక్కనే కూర్చుని ఉన్నాను. గీత అంచున సన్నటి వెంట్రుకల్లా నలుపు పాకడం మొదలైంది. ఆయన వెదురు కలానికి చుట్టిన గుడ్డని వేలితో నొక్కి, రంగు తగ్గించి మళ్లీ గీశారు. మళ్లీ పాకింది. చూస్తుండగానే వేళ్లు అయిదూ ఒక నల్ల ముద్దగా కలిసిపోయాయి. ఆయన కలం పక్కన పెట్టి లేచి వెళ్లి చేతులు కడుక్కున్నారు, ఒక్క మాట కూడా అనలేదు. కసిం గీత ఉతికితే పోయేది కాదు. అయిదు చీరల్లో మూడు అలాగే పోయాయి.

ఆ రాత్రి ఆ ఇంటివాళ్లు ఫోన్ చేస్తే "కొరియర్ ఆలస్యమవుతోందండీ" అన్నాను. నాలుగు రోజుల తర్వాత కూడా అదే చెప్పాను. అయిదో రోజు పెళ్లికూతురి తల్లిగారు ట్రాకింగ్ నంబరు అడిగారు. అప్పుడు ఇక దాచలేక జరిగింది మొత్తం చెప్పేశాను. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఆ పాడైన చీర ఫోటో పంపించమ్మా, చూస్తాను" అన్నారు. పంపాను. వెంటనే ఫోన్ చేసి, తిడతారనుకుంటే, ఆ నలుపు ఎందుకు పాకింది, ఎండ లేకపోతే ఇంకో దారి లేదా, గుడ్డ మళ్లీ మొదటి నుంచి చెయ్యడానికి ఎన్ని రోజులు పడుతుంది అని అరగంట అడిగారు. పెళ్లికి వేరే పట్టుచీరలు కొనుక్కుని, మా చీరలు సంక్రాంతికి తీసుకున్నారు. చివర్లో ఆవిడ అన్నమాట మాత్రం నన్ను ఇప్పటికీ వదల్లేదు. "ఇదే మొదటి రోజు చెప్పి ఉంటే నాకు ఈ వారం టెన్షన్ ఉండేది కాదు కదా అమ్మా."

అందరూ అలా ఉండరు. అదే నెలలో ఇంకొకరికి నిజం చెబితే డబ్బు వెనక్కి తీసుకున్నారు, కాస్త గట్టిగానే మాట్లాడారు. వాళ్ల కోపం న్యాయమైనదే.

అప్పటి నుంచి ఆలోచిస్తే నాకు ఒకటి అర్థమైంది. నేను మూడేళ్లుగా పూర్తయిన చీరల ఫోటోలే పెట్టాను. ఇస్త్రీ చేసి, మంచి వెలుతురులో తీసినవి. అవి చూసినవాళ్లకి చీర అంటే ఇవ్వాళ ఆర్డర్ ఇస్తే వచ్చే వారం వచ్చేదే అనిపించడంలో తప్పేముంది? మధ్యలో ఎన్నిసార్లు ఉతకాలో, ఎన్నిసార్లు ఆరాలో నేనే దాచిపెట్టి, తర్వాత ఆలస్యానికి సాకులు వెతుక్కున్నాను.

ఇంకొకటి కూడా దాచాను. కలం పట్టుకుని కూర్చున్న నా ఫోటో పెడితే "మీ చేతిలో ఎంత కళ ఉందండీ" అని రాసేవారు. నేను థాంక్స్ చెప్పి ఊరుకునేదాన్ని. నిజానికి మా చీరల మీద ముఖాలు నేను గీయను. మాస్టారు, ఇంకో అన్న గీస్తారు. వాళ్లకి ముప్పై ఏళ్లకు పైబడిన అనుభవం. నేను అంచులు, లతలు, పూలు గీస్తాను, రంగులు నింపుతాను. రంగు నింపడం మా అమ్మ దగ్గర నేర్చుకున్నాను. నా చిన్నప్పుడు అమ్మ ఇంట్లోనే కూర్చుని గుడ్డకి ఇంత అని కూలికి నింపేది. మా ఊళ్లో చాలామంది ఆడవాళ్లు ఇప్పటికీ చేసే పని అది. ఆ గుడ్డల మీద ఎవరి పేరూ ఉండదు.

ఈ కళ మా ఊళ్లో నిలిచింది నేర్పినవాళ్ల వల్లే. 1950ల్లో, చేతివృత్తుల కోసం దేశమంతా పనిచేసిన కమలాదేవి చటోపాధ్యాయ గారి చొరవతో ఇక్కడ శిక్షణ మొదలైంది. మా ఊరి కలంకారీ చిత్రకారులు జొన్నలగడ్డ గురప్పశెట్టి గారికి 2008లో పద్మశ్రీ వచ్చింది. అలాంటి ఊళ్లో ఉండి, వేరేవాళ్ల గీతకి నేను మెచ్చుకోలు తీసుకోవడం నాకే నచ్చలేదు. అందుకే ఇప్పుడు ప్రతి చీరతో పాటు గీసింది ఎవరు, నింపింది ఎవరు అని చిన్న చీటీ పెడుతున్నాం.

ఉద్యోగం మానేసి ఇలాంటి పని మొదలుపెట్టాలని నాకు మెసేజ్ చేసేవాళ్లు కూడా ఉన్నారు. వాళ్ల కోసం ఇది. నేను చెన్నైలో ఏడేళ్లు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేశాను. 2020 లాక్‌డౌన్‌లో ఇంటికి వచ్చాను, 2021లో రాజీనామా చేశాను. మొదటి ఏడాది పైన నాకు రూపాయి మిగల్లేదు, ఇల్లు మా ఆయన జీతం మీదే గడిచింది. ఇప్పటికీ నా పాత జీతంలో సగం కూడా రావడం లేదు. షెడ్డుకి తీసుకున్న అప్పు ఇంకా కడుతున్నాను. మొదటి ఆరు నెలలు మాస్టారు నా చేత వంకర పోకుండా గీతలు మాత్రమే గీయించారు. ఆ గుడ్డలు పారేయలేదు. వరుసగా పెట్టి ఫోటో తీసి పోయిన నెల పెట్టాను. మొదటి దానికీ ఆఖరి దానికీ తేడా చూడండి, ఆరు నెలలకి వచ్చిన తేడా అంతే.

సగం పని చూపించడానికి మాస్టారు మొదట ఒప్పుకోలేదు. "వంటయ్యాక వడ్డించాలి గానీ, పొయ్యి మీదున్న గిన్నె మూత తీసి ఊరందరికీ చూపిస్తామా?" అన్నారు. ఆయన మాటలో న్యాయం ఉంది. ఒకసారి పొరపాటుగా గీసిన గీత ఆయనది, దాన్ని వందలమందికి చూపించే హక్కు నాకు లేదు. అందుకే నా తప్పులు నేను ఎప్పుడైనా పెడతాను, వాళ్లవి మాత్రం అడగకుండా పెట్టను. ఆయన ముఖం కనిపించదు, చేతులే కనిపిస్తాయి.

ఒక నష్టం కూడా జరిగింది. పట్టాభిషేకం చీర మొత్తం గీతల దశలో ఫోటో పెట్టాను. కొన్ని వారాలకే అదే అంచు, అదే అమరికతో స్క్రీన్ ప్రింట్ చీరలు మార్కెట్లో కనిపించాయి, ధర వెయ్యి లోపే. బాధేసింది. ఆ గీత వెనక ఒక మనిషి పద్దెనిమిది రోజులు వంగి కూర్చున్నాడు. ఇప్పుడు డిజైన్ మొత్తం కనపడేలా పెట్టడం మానేశాను. ఒక మూల, ఒక చెయ్యి, ఒక పువ్వు చూపిస్తాను. ఆర్డర్ ఇచ్చినవాళ్లకి మాత్రం మొత్తం చీర విడిగా పంపుతాను.

ఇక మీ ఆర్డర్ల సంగతి. ప్రతి చీరకీ నాలుగుసార్లు ఫోటో వస్తుంది: బొగ్గుతో గీశాక, నలుపు వేశాక, ఎరుపు ఉడికాక, పసుపు, నీలం నింపాక. ఏదైనా పాడైతే ఆ రోజే చెబుతాను. అప్పుడు ఆగుతారో, డబ్బు తీసుకుంటారో మీ ఇష్టం. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు తేదీ చెప్పి ఆర్డర్ తీసుకోను. ఆ నెలల్లో పెళ్లి ఉంటే జూలైలోపే చెప్పండి.

ఒక విషయం ముందే చెబుతాను, ఎందుకంటే దీని మీదే ఎక్కువ మెసేజ్‌లు వస్తాయి. నలుపు వేశాక, ఎరుపు కావాల్సిన చోట పటిక నీళ్లు పూస్తాం. అది ఆరాక దాదాపు ఏమీ కనిపించదు. పోయినసారి ఆ ఫోటో చూసి "రంగు వెలిసిపోయిందా?" అని చాలామంది అడిగారు. ఆ చీరని ఉతికి, రాగి పాత్రలో మంజిష్ఠ అనే ఎర్ర రంగు వేరు వేసిన నీళ్లలో ఉడకబెడతాం. మొదట నీళ్లే ఎర్రగా ఉంటాయి, గుడ్డ మామూలుగానే ఉంటుంది. కర్రతో తిప్పుతూ ఉంటే, పటిక తగిలిన చోట్ల ముందు లేత గులాబీ, తర్వాత ఇటుక రంగు, ఆ తర్వాత నిండు ఎరుపు పైకి తేలుతుంది. రాముడి చేతిలో విల్లు, అంచులో మామిడి పిందెలు ఒక్కొక్కటే కనబడతాయి. నాలుగేళ్లయినా ఆ పాత్ర దగ్గరి నుంచి లేవబుద్ధి కాదు నాకు. నీళ్లలో ఇనుము ఎక్కువుంటే ఆ ఎరుపు మసకబారుతుంది. ఏటి నీళ్లు లేనప్పుడు బోరు నీళ్లతో మాకు ఆ ఇబ్బంది ఉంది. అలా మసకబారినవి తక్కువ ధరకి, కారణం రాసి మరీ పెడతాను.

ప్రస్తుతం షెడ్డులో ఏడు గుడ్డలు ఉన్నాయి. విజయవాడ వాళ్ల రెండు దుపట్టాలు పసుపు దశలో ఉన్నాయి, వచ్చే వారం పంపుతాను. బెంగళూరు వాళ్ల దశావతారాల చీరకి నలుపు అయిపోయింది, నిన్న పటిక పూశాం. రేపు ఎండ బాగుంటే ఉతికి పాత్ర ఎక్కిస్తాం. ఈ రాత్రికి దాని ఫోటో పెడుతున్నాను. ఎరుపు ఎక్కడా కనిపించదు, అది మామూలే.