‘ఆచూకీ తెలియలేదు’ అన్న మాటతో ఫైలు ముగిసిపోకూడదు

సంపాదకుడు గారికి,

నమస్కారం. దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీలో ఏటా జూన్‌లోనూ డిసెంబరులోనూ పరేడ్ జరిగిన మర్నాడు, కొడుకుల భుజాలకు, ఈ మధ్య కూతుళ్ల భుజాలకు కూడా, తల్లిదండ్రులు తొలి పట్టీలు తొడుగుతున్న ఫొటోలు పత్రికల్లో వస్తుంటాయి. మేడ్చల్ వైపు ఉండే నాబోటి వాళ్లకు ఆ శిక్షణ విమానాల చప్పుడు పొద్దున్నే వాకిట్లో నిలబడితే చాలు, నెత్తిమీద వినిపిస్తూనే ఉంటుంది. అలా రెక్కలు వచ్చి వెళ్లిన పైలట్ యుద్ధంలో తిరిగి రాకపోతే, కనీసం శవమైనా దొరకకపోతే, ఆ ఇంటికి ప్రభుత్వం చెప్పే మాట ఒక్కటే: ఆచూకీ తెలియలేదు. ఆ మాట చెప్పాక కూడా ప్రభుత్వానికి చేయవలసిన పని మిగిలే ఉంటుందని గుర్తుచేయడానికే ఈ లేఖ.

కొడగుకు చెందిన స్క్వాడ్రన్ లీడర్ అజ్జమాడ బొప్పయ్య దేవయ్య సంగతి చూడండి. 1965 సెప్టెంబరు 7 తెల్లవారుజామున పాకిస్తాన్‌లోని సర్గోధా వైమానిక స్థావరంపై దాడికి ఆదంపూర్ నుంచి బయలుదేరిన 1వ స్క్వాడ్రన్ మిస్టియర్ విమానాల జట్టులో ఆయన అసలు సభ్యుడు కారు. పన్నెండు విమానాల్లో ఏదైనా మొరాయిస్తే దాని బదులు వెళ్లడానికి సిద్ధంగా ఉంచిన పైలట్. ఒకటి తప్పుకోవడంతో ఆయన వెళ్లారు, తిరిగి రాలేదు. ఆయనకు ఏం జరిగిందో చూసిన వారు మన వైపు ఎవరూ లేకపోవడంతో గల్లంతైన వారి జాబితాలో ఆయన పేరూ చేరింది.

నిజానికి జరిగింది వేరు. దాడి ముగించుకుని వెనుదిరిగిన మన విమానాలను తరుముతూ పాకిస్తాన్ పైలట్ అమ్జద్ హుస్సేన్ స్టార్‌ఫైటర్‌లో వచ్చారు. అది ధ్వని కంటే రెండింతల వేగంతో పోగల విమానం. మన మిస్టియర్ సమంగా ఎగురుతూ ధ్వని వేగాన్ని కూడా దాటలేదు. పైగా అంత దూరం వెళ్లాక పోరుకు దిగితే ఇల్లు చేరడానికి ఇంధనం చాలదు. అమ్జద్ కాల్పుల్లో దేవయ్య విమానం దెబ్బతింది. దాని పని అయిపోయిందనుకుని అమ్జద్ మిగతా వాటి మీదికి మళ్లగా, ఆ దెబ్బతిన్న మిస్టియరే మళ్లీ వచ్చి స్టార్‌ఫైటర్‌ను కొట్టింది. అమ్జద్ పారాచూట్‌తో దూకి బతికారు. దేవయ్య అక్కడే ప్రాణాలు విడిచారు.

ఈ వృత్తాంతం మనకు ఎలా తెలిసిందంటే, పాకిస్తాన్ వైమానిక దళం సహకారంతో ఒక బ్రిటిష్ రచయిత రాసి 1979లో ప్రచురించిన పుస్తకం ద్వారా. ఆ తెల్లవారుజాము దాడి నుంచి తిరిగి రానిది ఒక్క దేవయ్య విమానమే కాబట్టి, అందులోని పేరు లేని భారతీయ పైలట్ ఎవరో పోల్చుకోవడం పెద్ద కష్టం కాదు. అయినా నాటి దాడికి నాయకత్వం వహించిన తనేజా వంటి వారు పూనుకున్నాక, 1988లో గానీ ఆయనకు మరణానంతరం మహావీర చక్ర రాలేదు. అప్పటికి ఇరవై మూడేళ్లు గడిచాయి. ప్రత్యర్థి తన ఓటమిని దాచకుండా చెప్పుకున్నందుకు ఆ పుస్తకానికి నేను కృతజ్ఞుణ్ణే. కానీ మనవాడి కథ కోసం మనం పొరుగింటి పుస్తకం తెరవవలసి రావడం మాత్రం మింగుడుపడదు.

దేవయ్య కుటుంబానికి చివరకు ఒక జవాబు దొరికింది. 1971 యుద్ధంలో గల్లంతై, ‘మిస్సింగ్ 54’గా పేరుపడిన జాబితాలోని కుటుంబాలకు అదీ లేదు. వారిలో ఒకరైన ఫ్లైట్ లెఫ్టినెంట్ విజయ్ వసంత్ తాంబే పేరును పోలిన పేరు, పట్టుబడిన భారత పైలట్ల వార్తలో అప్పటి పాకిస్తాన్ పత్రికలోనే అచ్చయింది. 2007లో పద్నాలుగు మంది బంధువులు పాకిస్తాన్ జైళ్లు తిరిగి వట్టి చేతులతో వచ్చారు. గల్లంతైన వారిలో ఎవరైనా బతికి ఉన్నారన్న ఆశ రేపడం నా ఉద్దేశం కాదు. ఆ రోజు ఆ విమానం ఏ దారిన వెళ్లింది, రేడియోలో చివరగా ఏం వినిపించింది, తరువాత ఎవరెవరు ఏమని వాంగ్మూలం ఇచ్చారు అన్న కాగితాలు మన దగ్గరే ఉంటే, వాటిని చూసే హక్కు ఆ ఇంటివారికి ఉండాలన్నదే నా వాదన.

ఇరవై అయిదేళ్లు దాటిన యుద్ధ రికార్డులను సాధారణంగా బహిర్గతం చేయాలని రక్షణ మంత్రిత్వ శాఖే 2021 జూన్‌లో విధానం ప్రకటించింది. ఆ లెక్కన 1965 కాగితాలకు గడువు 1990లోనే, 1971 కాగితాలకు 1996లోనే తీరింది. దేశ రహస్యమన్న మాట నిన్నమొన్నటి ఘర్షణకు చెల్లుతుందేమో గానీ, ఎగిరిన విమానాలు కూడా మ్యూజియంలకు చేరిపోయాక చెల్లదు. కనుక ఆచూకీ తెలియని పైలట్లకు సంబంధించిన ఫైళ్లను మిగతా వాటి కంటే ముందుగా పరిశీలించాలి, వాటిలో ఎన్ని జాతీయ అభిలేఖాగారానికి చేరాయో పార్లమెంటుకు చెప్పాలి, ప్రతులను కుటుంబాలకు అడగకుండానే పంపాలి. భర్త చివరి ప్రయాణం గురించి తెలుసుకోవడానికి ఎనభై దాటిన ఒక ఇల్లాలు సమాచార హక్కు దరఖాస్తు పెట్టుకుని, పది రూపాయల రుసుము కట్టి ఎదురుచూసే పరిస్థితి ఉండకూడదు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
మేడ్చల్