ఆ అధ్యాయం మొదటి వచనం

సంపాదకుడికి,

అయ్యా,

నాలుకను అదుపులో పెట్టుకోవడం గురించి మీ ఆధ్యాత్మిక పుటలో వచ్చిన వ్యాసం చదివాను. బైబిల్లో యాకోబు రాసిన ఉత్తరం, అంటే యాకోబు పత్రిక, మూడో అధ్యాయంలోని గుర్రపు కళ్లెం, ఓడ చుక్కాని, అడవిని కాల్చే నిప్పు అన్నీ అందులో ఉన్నాయి. లేనిది మొదటి వచనం ఒక్కటే. మీలో చాలామంది బోధకులు కావద్దు, బోధించే మనకు తీర్పు మరింత కఠినంగా ఉంటుంది అంటూ యాకోబు ఆ అధ్యాయం మొదలుపెట్టాడు. ‘మీకు’ అనలేదు, తననూ కలుపుకుని ‘మనకు’ అన్నాడు. కళ్లెం మాట ఆ తర్వాతే వస్తుంది. మైకు పట్టుకున్నవాడి నోటికే అది ముందు పడాలని నేను అర్థం చేసుకున్నాను.

ఈ అధ్యాయం మీద ఇన్నేళ్లలో నేను విన్న ప్రసంగాలకు లెక్కలేదు. దాదాపు అన్నీ కింద కూర్చున్నవాళ్ల గురించే, అందులోనూ ఆడవాళ్ల గురించే. చాడీలు మానండి అని చెప్పిన నోటితోనే పక్క చర్చి సంఘాన్ని వెక్కిరించడం, ఇంకో మతం వాళ్ల నమ్మకాన్ని ఎగతాళి చేయడం, దానికి కింద నుంచి ఆమెన్‌లు! ఇప్పుడవి వీడియోలై ఎక్కడెక్కడికో పోతున్నాయి. తండ్రియైన దేవుణ్ణి స్తుతించే నోటితోనే ఆయన పోలికలో పుట్టిన మనుషుల్ని శపిస్తున్నాం, ఇలా ఉండకూడదు అన్నది కూడా ఆ అధ్యాయంలోనే ఉంది. ఆ మనుషులు ఏ సంఘం వాళ్లో, ఏ మతం వాళ్లో యాకోబు అడగలేదు.

కింద కూర్చున్న మేమేదో మంచివాళ్లమని కాదు. మా చాడీలకు ‘ప్రార్థన అంశం’ అని పేరు పెట్టుకున్నాం. ఫలానా సహోదరి కుటుంబం కోసం ప్రార్థించండి అని ఊరుకోం, ఆమె భర్త ఎన్నాళ్లుగా ఇంటికి రావడం లేదో కూడా చెప్పి కళ్లు మూసుకుంటాం. నేనూ ఒకసారి అలాగే చెప్పాను. రెండు వారాల తర్వాత ఆమె ఆరాధనకు రావడం మానేసింది. ఎవరూ కారణం అడగలేదు, నేనూ చెప్పలేదు. తప్పు చేసినవాడి దగ్గరికి ముందు నువ్వొక్కడివే వెళ్లి మాట్లాడు అని మత్తయి పద్దెనిమిదో అధ్యాయంలో యేసు చెప్పాడు. అది కష్టం. పదిమంది ముందు కన్నీళ్లతో ప్రార్థించడం సులువు.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇంకొకటి. కానుకల లెక్క అడిగినా, ఎవరికో జరిగిన అన్యాయం గురించి నోరు విప్పినా, ‘అభిషిక్తుణ్ణి ముట్టవద్దు’, అంటే దేవుడు ఎన్నుకున్నవాడి జోలికి పోవద్దు, అనే మాట వస్తుంది. అది 105వ కీర్తనలోది. ముందు వచనాలు చదివితే తెలుస్తుంది, అక్కడ అభిషిక్తులంటే చేతిలో అధికారమున్న నాయకులు కారు. కొద్దిమందే ఉండి, పరాయి రాజ్యాల్లో తిరుగుతున్న పూర్వీకులు అబ్రాహాము, ఇస్సాకు, యాకోబులు (ఈ యాకోబు వేరు, ఉత్తరం రాసిన యాకోబు వేరు). దేవుడు గద్దించింది రాజుల్ని! తనను చంపాలని వెంటాడుతున్న సౌలు రాజు గుహలో చేతికి చిక్కినా, అభిషిక్తుడని దావీదు అతని మీద చెయ్యి ఎత్తలేదు, నిజమే. కానీ గుహలోంచి బయటికి వచ్చి, తాను కోసిన అతని బట్ట చెంగు చూపిస్తూ, అందరూ వినేలా అతణ్ణి నిలదీశాడు. అంతియొకయ పట్టణంలో అపొస్తలుడు పౌలు తోటి అపొస్తలుడు పేతురును అందరి ముందే తప్పుపట్టాడు. సంఘ పెద్దల మీద ఫిర్యాదుకు ఇద్దరు ముగ్గురు సాక్షులు కావాలని తన శిష్యుడు తిమోతికి రాసిన పౌలే, ఆ వెంటనే, పాపం చేసేవాళ్లను అందరి ఎదుటా గద్దించు అనీ రాశాడు. మొదటి సగం మాకు కంఠస్థం. రెండోది పెద్దగా వినపడదు.

యేసు మౌనాన్ని కూడా ఇలాగే సగం చూపిస్తారు. ఆయన్ను పట్టుకుని విచారిస్తున్నప్పుడు, అద్భుతం చూడాలని సరదాపడి ప్రశ్నలు వేసిన పాలకుడు హేరోదుకు ఆయన జవాబివ్వలేదు. అంతకు ముందు, ప్రధాన యాజకుడి దగ్గర ఒక బంట్రౌతు (భటుడు) చెంపదెబ్బ కొట్టినప్పుడు మాత్రం ఊరుకోలేదు. నేను చెడు మాట్లాడి ఉంటే చూపించు, లేకపోతే ఎందుకు కొట్టావు అని అడిగాడు. తిట్టలేదు, గొంతు పెంచాడని సువార్తలో లేదు. అడిగాడు, అంతే.

వచ్చేసారి ఈ విషయం మీద వ్యాసం వేస్తే, మొదటి వచనం కూడా అచ్చు వేయండి. వీలైతే ఆ వ్యాసం ఒక బోధకుడి చేత రాయించండి.

ఇట్లు,
ఒక సంఘ సభ్యురాలు