గత వానాకాలంలో మీకు ఇచ్చిన జెల్, చెప్పిన పద్ధతి: రింగుల జుట్టు ఉన్న మా కస్టమర్లకు

మా కస్టమర్లందరికీ నమస్కారం. బ్రహ్మోత్సవాల రద్దీ మొదలు కాకముందే, ఈశాన్య రుతుపవనాల వానలు తిరుపతికి చేరకముందే మీకు ఒక విషయం చెప్పాలని ఇది రాస్తున్నాను. గత సంవత్సరం అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కొర్లగుంటలోని మా పార్లర్‌లో మీకు అమ్మిన జెల్ ఆ కాలానికి తగినది కాదు. దానిని ఎలా వాడాలో మేము చెప్పి పంపిన పద్ధతిలో కూడా పొరపాటు ఉంది. ఉదయం ఆరు గంటలకు చక్కగా కుదిరిన రింగులు పది గంటలకల్లా దూదిలా పొంగిపోతున్నాయని మీలో చాలామంది వచ్చి చెప్పినప్పుడు, ఇంకొంచెం ఎక్కువ రాసుకోమని నేను సలహా ఇచ్చాను. ఆ సలహా వల్ల మీ డబ్బు, మీ సమయం రెండూ వృథా అయ్యాయి. అందుకు మిమ్మల్ని మనస్ఫూర్తిగా క్షమాపణ కోరుతున్నాను.

నా కళ్ళు తెరిపించినది నర్సుగా పనిచేసే ఒక అమ్మాయి. ఉదయం ఏడు గంటలకు డ్యూటీకి ఎక్కి సాయంత్రం దాకా నిలబడే పని ఆమెది. మధ్యలో అద్దం ముందుకు వెళ్ళే తీరిక ఉండదు. నవంబరులో ఒక ముసురు రోజు ఆమె సగం వాడిన సీసాను తెచ్చి కౌంటర్ మీద పెట్టి, "అక్కా, మీరు చెప్పినట్టే రెండింతలు రాశాను, తల జిగటగా అయింది గానీ రింగు మాత్రం నిలవలేదు" అన్నది. ఆమె ముంగురులను వేలితో పట్టి చూశాను. పాయ లోపల తడిగా, బంకగా ఉంది. పైన మాత్రం వెంట్రుకలు ఒక్కొక్కటీ విడివిడిగా లేచి నిలబడి ఉన్నాయి. జెల్ తక్కువైతే ఇలా ఉండదని నాకు అప్పుడు తట్టింది.

ఆ మరుసటి రోజు నుంచి నా తల మీదనే పరీక్షించుకున్నాను. నాదీ రింగుల జుట్టే. నడిపాపిడి తీసి, ఎడమవైపు మేము అమ్ముతున్న సీసాలోని జెల్, కుడివైపు ఆ ఉదయమే కాచిన అవిసె గింజల జెల్ రాసి, ఉదయం ఆరు, పది, మధ్యాహ్నం రెండు, సాయంత్రం ఆరు గంటలకు ఫోటోలు తీసి పెట్టుకున్నాను. ఇలా పన్నెండు రోజులు చేశాను. ఎండ కాసిన రోజుల్లో రెండు వైపులా పెద్ద తేడా కనిపించలేదు. వాన పడిన రోజుల్లో మాత్రం ఎడమవైపు పది గంటలకే పొంగిపోయింది, కుడివైపు సాయంత్రం దాకా చాలావరకు నిలిచింది. ఒక్క తల మీద చూసినది అందరికీ అచ్చంగా వర్తిస్తుందని అనను. అయితే సీసా వెనుక ఉన్న పదార్థాల జాబితాను చదివితే కారణం అక్కడే ఉంది. ఆ జాబితాలో నీటి తరువాత రెండవ పేరు గ్లిజరిన్. ఎక్కువ పరిమాణంలో ఉన్నదాని పేరే ముందు రాస్తారు. తెప్పించి అమ్మే ముందు నేను దానిని చదివి ఉండవలసింది.

వెంట్రుకలో ఉండే కెరటిన్ అనే ప్రొటీన్ పోగులను రెండు రకాల బంధాలు ముఖ్యంగా పట్టి ఉంచుతాయి. గంధకంతో ఏర్పడినవి గట్టివి, నీటికి చలించవు. హైడ్రోజన్ బంధాలు అలా కాదు. జుట్టు తడిస్తే అవి విడిపోతాయి, ఆరితే మళ్ళీ కుదురుకుంటాయి. అందువల్ల జుట్టు ఏ ఆకారంలో ఉండగా ఆరుతుందో ఆ ఆకారమే నిలుస్తుంది. గాలిలో తేమ ఎక్కువగా ఉన్నప్పుడు అది మెల్లగా వెంట్రుకలోకి చేరి ఆ బంధాలను మళ్ళీ కదిలిస్తుంది, పాయగా ఒద్దికగా ఉన్న వెంట్రుకలు దేనికది ఉబ్బి, దేనికది వంగి, ఒక్కొక్కటీ ఒక్కో దారి పడతాయి. మనం పొంగిపోయింది, రేగిపోయింది అనేది ఈ స్థితినే. గ్లిజరిన్‌కు తేమను లాగే గుణం ఉంది. ముసురు రోజుల్లో అది గాలిలోని నీటిని పిలిచి మరీ జుట్టు మీద కూర్చోబెడుతుంది. మేలో మన ఊరి వడగాలికి గాలిలో లాగడానికి తేమే ఉండదు కాబట్టి జుట్టులోని తేమనే బయటకు లాగగలదు. గాలిలో తేమ మధ్యస్థంగా ఉండే రోజుల్లో మాత్రమే అది మంచి పదార్థం. తేనె కలిపిన జెల్‌లకూ ఇదే మాట వర్తిస్తుంది.

రెండవ పొరపాటు పూర్తిగా మాదే. తలంటుకున్న తరువాత టవల్‌తో బాగా తుడుచుకుని, సగం ఆరాక జెల్ రాసుకోమని చెప్పేవాళ్ళం. తుడిచేసరికే పాయలు చెదిరిపోతాయి, చెదిరిన తరువాత జెల్ రాస్తే చెదిరినవి చెదిరినట్టే బిగుసుకుంటాయి. జుట్టు నుంచి నీళ్ళు కారుతూ ఉండగానే, తల ముందుకు వంచి, అరచేతుల్లో జెల్‌ను పరుచుకుని, పాయలను రెండు చేతుల మధ్య పెట్టి పైనుంచి కిందికి నిమురుతూ రాయాలి. తరువాత కొసల నుంచి కుదుళ్ళ వైపుకు గుప్పిట్లోకి తీసుకుని మెత్తగా పిండాలి. చప్పుడు మీకే తెలుపుతుంది: తడి గుడ్డను పిండినప్పటిలా పిచపిచమని వినిపిస్తే నీళ్ళు చాలినన్ని ఉన్నట్టు, వినిపించకపోతే గుప్పెడు నీళ్ళు చల్లుకోవాలి. కారే నీటిని పాత నూలు చీర ముక్కతో గానీ, పలుచని తుండుతో గానీ అద్దాలి తప్ప రుద్దకూడదు. చిక్కు తీయడం ఏదైనా ఉంటే అంతకు ముందే, తలకు కండిషనర్ ఉండగానే, పళ్ళు దూరంగా ఉన్న దువ్వెనతో కొసల నుంచి పైకి తీసుకోవాలి. ఆరిన రింగుల జుట్టులోకి దువ్వెన వెళ్ళిన రోజు మరి ఏ జెల్ కూడా పనిచేయదు.

ఆరాక జుట్టు గట్టిగా, గరగరలాడుతూ ఉన్నదని కొందరు భయపడి, మళ్ళీ కడిగేసుకున్నామని చెప్పారు. గంజి పెట్టి ఆరేసిన నూలు చీరను తలచుకోండి. గంజి బిగిసిన చీరను విదిలించి మడత విప్పినప్పుడు పెళుసుదనం పోయి నిలుపు మాత్రం మిగులుతుంది. జెల్ కూడా అంతే. ఆ గట్టిదనమే రోజంతా మీ రింగును కాపాడే పొర. పూర్తిగా ఆరిన తరువాత, వేలికి రెండు చుక్కల కొబ్బరినూనె తీసుకుని అరచేతులకు పలచగా పట్టించి, పాయలను కింది నుంచి మెల్లగా నొక్కితే పెళుసుదనం విడిపోతుంది. పూర్తిగా ఆరిన తరువాత అన్న మాటను దయచేసి గుర్తుంచుకోండి. మీలో ఎక్కువమందికి పని చెడుతున్నది ఇక్కడే. ఆరు గంటలకు తలంటుకుని, ఆరున్నరకు తడి జుట్టును క్లిప్పుతో బిగించి, పైన చున్నీ కట్టుకుని, హెల్మెట్ పెట్టుకుని స్కూటర్ ఎక్కితే జుట్టు ఆ నలిగిన ఆకారంలోనే ఆరుతుంది. నా జుట్టు దానంతట అది ఆరడానికి మూడు గంటలు పడుతుంది. ఉదయం అంత సమయం ఎవరికీ ఉండదు కాబట్టి, తలంటు ముందు రోజు సాయంత్రానికి మార్చుకోమని ఉద్యోగాలకు వెళ్ళే వాళ్ళందరికీ చెబుతున్నాను. రాత్రి జుట్టును నడినెత్తిన వదులుగా పోగు చేసి కట్టుకుని, శాటిన్ దిండు గలీబు మీద పడుకుంటే, ఉదయం చెదిరిన నాలుగైదు పాయలను మాత్రం తడి వేలికి చుట్టి వదిలితే చాలు.

నీటి సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే మా పార్లర్‌లో బాగా వచ్చిన రింగులు ఇంట్లో రావడం లేదన్న ఫిర్యాదు నిజమైనదే. మీ ఇంట్లో వేణ్ణీళ్ళు కాచే కడ్డీని ఒకసారి చూడండి. దాని మీద తెల్లని పెచ్చు కట్టి ఉంటే మీ బోరు నీటిలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువగా ఉన్నట్టు. ఆ ఖనిజాలు జుట్టు మీద కూడా కొద్దికొద్దిగా పేరుకుని దానిని గరుకుగా చేస్తాయి. తలకు ఒంటి సబ్బు రుద్దుకునే అలవాటు ఉంటే ఆ నీటిలో సబ్బు విరిగి తెల్లని జిడ్డుగా జుట్టుకు పట్టుకుంటుంది. కుంకుడు రసానికి ఆ ఇబ్బంది లేదు, అయితే దానిని బట్టలో బాగా వడగట్టుకోవాలి. సీకాయ పొడిని నేరుగా తలకు రుద్దితే నలకలు రింగుల మధ్య చిక్కుకుని, వాటిని తీయడానికే జుట్టును చిందరవందర చేసుకోవలసి వస్తుంది. తలంటు చివరిలో పోసుకునే ఒక్క చెంబు నీళ్ళు ఫిల్టర్ నీళ్ళు అయితే చాలు, తేడా మీ చేతికే తెలుస్తుంది.

పూల గురించి ఒక మాట. బజారులో మల్లెలు, కనకాంబరాలు వాడకుండా మాటిమాటికీ నీళ్ళు చిలకరిస్తారు. ఆ తడి దండ జుట్టుకు ఆనిన చోటల్లా రింగు విడిపోతుంది. పూలు మానుకోమని నేను ఎన్నడూ చెప్పను. దండను ఒక పొడి గుడ్డలో పది నిమిషాలు ఉంచి, తరువాత పెట్టుకోండి. అలిపిరి నుంచి కొండ ఎక్కే వాళ్ళకు మాత్రం నిజం చెప్పాలి. 3,550 మెట్లు ఎక్కుతుండగా కుదుళ్ళలో పట్టే చెమట కూడా నీరే, ఆ తడికి ఏ జెల్ నిలవదు. ఆ రోజు జుట్టును నాలుగైదు పాయలుగా తీసి, ఒక్కో పాయనూ రెండుగా మెలివేసి కట్టుకుని ఎక్కండి, పైకి వెళ్ళి చెమట ఆరిన తరువాత విప్పుకోండి. మొక్కు తీర్చుకుని వచ్చిన తరువాత కొత్తగా వచ్చే జుట్టు రింగులుగా మారుతుందా అని అడిగే వాళ్ళూ ఉన్నారు. గుండు వల్ల కుదురు మారదు. నెలకు సుమారు ఒక సెంటీమీటరు చొప్పున పెరిగే ఆ జుట్టు, మునుపు మీ స్వభావం ఏదో దానికే తిరిగి వస్తుంది.

ఇక మేము చేస్తున్న మార్పులు. గ్లిజరిన్ ఉన్న ఆ జెల్‌ను అక్టోబరు నుంచి డిసెంబరు దాకా అమ్మము. తిరిగి జనవరిలో తెప్పించినా, ఏ నెలల్లో పనికివస్తుందో సీసా మీద తెలుగులో చీటీ అంటించి ఇస్తాము. అవిసె గింజల జెల్‌ను సీసాల్లో పోసి అమ్మమని చాలామంది అడుగుతున్నారు. సౌందర్య సాధనాలను తయారు చేసి అమ్మడానికి ప్రభుత్వ లైసెన్సు ఉండాలి, అది మాకు లేదు. పైగా నిలవ ఉంచే మందు కలపని ఆ జెల్ త్వరగా పాడవుతుంది. అందువల్ల పార్లర్‌లో ఏ రోజుకు ఆ రోజు కాచి మీ తలకు రాస్తాము, ఇంట్లో చేసుకునే పద్ధతిని ఇక్కడే ఇస్తున్నాను. పావు కప్పు అవిసె గింజలకు రెండు కప్పుల ఫిల్టర్ నీళ్ళు పోసి, మధ్యస్థమైన మంట మీద అడుగంటకుండా కలుపుతూ ఉండండి. ఏడెనిమిది నిమిషాలకు నురుగు తెల్లబడి, గరిటె ఎత్తితే గుడ్డులోని తెల్లసొనలా తీగ సాగుతుంది. అప్పుడే దింపి, వేడి మీదనే పలుచని గుడ్డలో వడగట్టండి, చల్లారితే బంక బిగిసి గుడ్డలోంచి దిగదు. చేయి కాలకుండా పట్టకారుతో గుడ్డను పిండండి. ఫ్రిజ్‌లో ఒక వారం ఉంటుంది. నీళ్ళలా పలచబడినా, పులిసిన వాసన వచ్చినా పారబోయండి. ఇలా చెప్పడం వల్ల మా అమ్మకం తగ్గుతుందని మా ఇంట్లో వాళ్ళు అన్నారు. నిజమే, తగ్గుతుంది. నిరుడు పోగొట్టుకున్న నమ్మకం నాకు అంతకంటే ఎక్కువ విలువైనది.

పార్లర్‌లో కూడా మీ జుట్టును సగం తడిగా పంపేవాళ్ళం, తరువాతి కస్టమర్ ఎదురు చూస్తున్నారన్న తొందర వల్ల. ఇకమీదట పూర్తిగా ఆరనిదే పంపము. డ్రయర్‌కు డిఫ్యూజర్ అనే గిన్నెలాంటి మూతిని తగిలించి, తక్కువ వేడిలో, తక్కువ గాలిలో ఆరబెట్టడానికి ఒక్కొక్కరికి రెండు గంటలు పడుతున్నది కాబట్టి రోజుకు నలుగురిని మాత్రమే తీసుకోగలము. ఈ కారణంగా రుసుమును 600 రూపాయల నుంచి 750 రూపాయలకు పెంచుతున్నాము. చిత్తూరు, పుత్తూరు, శ్రీకాళహస్తి నుంచి బస్సులో వచ్చే వాళ్ళు ముందు రోజే ఫోన్ చేసి సమయం తీసుకుంటే ఇక్కడికి వచ్చి వేచి ఉండే అవసరం రాదు.

నిరుడు అక్టోబరు తరువాత మా దగ్గర ఆ జెల్ కొన్న వాళ్ళు, సీసా ఖాళీ అయినా సరే, తెచ్చి ఇచ్చి పూర్తి డబ్బు తీసుకువెళ్ళవచ్చు. రసీదు అవసరం లేదు, సీసా పారేసిన వాళ్ళు మా పుస్తకంలో పేరు చూసుకుంటే చాలు. సంక్రాంతి దాకా మంగళవారం తప్ప అన్ని రోజులూ ఉదయం పది గంటల నుంచి తీసుకుంటాము. ఆ నర్సు అమ్మాయికి డబ్బు నిరుడే తిరిగి ఇచ్చాను. ఈ ఆదివారం ఆమె మళ్ళీ వస్తున్నది, ఆమె డ్యూటీ రోజున కొత్త పద్ధతి ఎన్ని గంటలు నిలిచిందో తెలుసుకుని, బాగున్నా బాగులేకపోయినా మీకు రాస్తాను.