చెవులు మూసుకుంటే మొండితనమా?

శబ్దం, వెలుతురు, బట్టల రాపిడి తట్టుకోలేని పిల్లలపై మన బడుల్లో ‘మొండి’ అని ముద్ర వేస్తున్నారు. ఆరేళ్ల మా మనవడు బడి బెల్లు మోగితే చెవులు మూసుకుని బల్ల కింద దూరతాడు. కాలర్ వెనక లేబుల్ కత్తిరిస్తేగానీ యూనిఫాం చొక్కా వేసుకోడు. అదంతా గారాబమని టీచరమ్మ తేల్చేశారు (మొదట్లో నేనూ అదే అన్నాను లెండి). ఆర్కే బీచ్‌లో ఇసుక మీద కాలు పెట్టనివాడు, ఆక్యుపేషనల్ థెరపీ (రోజువారీ పనులు ఇబ్బంది లేకుండా చేసుకునేలా సాధన చేయించే చికిత్స) మొదలెట్టిన ఎనిమిది నెలలకు తనంతట తానే చెప్పులు విప్పాడు. ఈ ఇబ్బంది ఆటిజం ఉన్న పిల్లల్లో ఎక్కువ, లేనివారిలోనూ కనిపిస్తుంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు బడికి వచ్చినప్పుడు కళ్లూ పళ్లూ చూసినట్టే దీని గురించీ టీచర్లను, తల్లిదండ్రులను అడగాలి. జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) బడుల్లో టీచర్లకు శిక్షణ ఇచ్చి, చిన్నపిల్లల తరగతి గుమ్మం దగ్గరి బెల్లును ముందు దూరం జరపాలి.

– ఓ తాతయ్య, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం