అది వింత చేప కాదు, మా చెరువులకు పట్టిన దెయ్యం

సంపాదకుడికి,

పోయిన ఆదివారం మీ జిల్లా పేజీలో 'వలకు చిక్కిన వింత చేప' అని ఫొటో వేశారు. జనం ఎగబడి చూశారని, సెల్ఫీలు దిగారని, చివరికి పట్టినాయన జాలిపడి దాన్ని మళ్లీ కాలువలో వదిలేశాడని రాశారు. ఆ చివరి ముక్క చదివినప్పటి నుంచి నాకు కడుపు రగిలిపోతోంది.

అది వింతా కాదు, కొత్తా కాదు. మా వైపు ఏ చేపల రైతునడిగినా దెయ్యం చేప అని చెబుతాడు. అమెజాన్ వైపు నదుల్లోది. అక్వేరియం అద్దాలకు పట్టిన పాచి తింటుందని షాపుల్లో అమ్మారు. వేలెడున్నది మూరెడయ్యేసరికి కొన్నవాళ్లు తీసుకెళ్లి చెరువుల్లో, కాలువల్లో వదిలేశారు.

మొన్న ఫిబ్రవరిలో మా చెరువు పట్టుబడి పెట్టాం. బొచ్చె, శీలావతి కోసం వల లాగితే సగం బరువు ఇవే. వీటికి పొలుసులుండవు, ఒళ్లంతా ఎముక పలకలే. రెక్కముళ్లు విప్పుకుని వల కన్నుల్లో బిగుసుకుంటాయి. కత్తితో విడదీస్తూ మా కుర్రాడొకడు అరచెయ్యి కోసుకున్నాడు. పొద్దున ఎండలో గట్టు మీద పడేసినవి సాయంత్రానికి కూడా నోరాడిస్తూనే ఉన్నాయి. గాలి మింగి పొట్టతో ఊపిరి తీసుకుంటాయట. నీళ్లు తగ్గాక చూస్తే గట్టు అడుగున చెయ్యి పట్టేంత బొరియలు. గుడ్లు పెట్టేది వాటిలోనే, మగది కాపలా ఉంటుంది. వానలకు ఆ గట్టే జారింది. ఖర్చు మాదే.

తూర్పు కనుమల జలవనరుల్లో 60 శాతం దాకా ఇది పాకిందని హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు 2024లోనే చెప్పారు. మెక్సికోలో ఇన్ఫియెర్నిల్యో జలాశయం మీద బతికే తిలాపియా జాలర్లను దెబ్బతీసింది ఇలాంటి చేపలే. అక్కడా వాళ్లు పిలిచే పేరు దెయ్యం చేపే.

ఈ గోడు చెప్పుకోవడానికి మత్స్యశాఖ ఆఫీసుకు మూడుసార్లు తిరిగాను. ఒకాయన ఫోన్లో ఫొటో తీసుకున్నాడు, అంతే. చెరువు కాగితాల్లో చిన్న తేడా ఉంటే మర్నాడే నోటీసు పంపేవాళ్లకు, చెరువే పోతోందంటే తీరిక దొరకదు. ఇలాగే బయటి దేశం నుంచి వచ్చిన ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్‌ను 2000లోనే నిషేధించారు కదా! ఇలాంటి పరాయి జాతుల అమ్మకాన్ని ఆపే అధికారం 2022లో వన్యప్రాణి చట్టాన్ని సవరించి మరీ కేంద్రానికి ఇచ్చారు. అయినా మొన్న ఏలూరులో ఓ షాపులో దీని పిల్లల్ని ప్లాస్టిక్ కవర్లో కట్టి ఇస్తుంటే నా కళ్లతో చూశాను. ముందు ఆ అమ్మకం ఆపాలి.

మీ మీదా కోపంగానే ఉంది. ఒకప్పుడు విలేకరి గట్టు దాకా వచ్చి, నలుగురిని అడిగి రాసేవాడు. ఇప్పుడు వాట్సాప్‌లో వచ్చింది వచ్చినట్టే అచ్చవుతోంది. మళ్లీ ఇలాంటి ఫొటో వస్తే, 'నీళ్లలో వదలొద్దు, గొయ్యి తీసి పాతిపెట్టండి' అని దాని కింద ఒక్క లైను వేయండి. మా కాలువ వెంబడి ప్రతి టీకొట్టులోనూ మీ పేపరే చదువుతారు.

– ఓ చేపల రైతు, కైకలూరు మండలం, ఏలూరు జిల్లా