చార్టులు కొనేముందు ఇది చదువు బావా

విజయనగరం

బావా,

ఉత్తరం అందింది. మీ హైస్కూల్లో మత్తుమందుల మీద పిల్లలకి పోటీ పెడుతున్నావని, పోస్టర్లు, నాటికలు, ముగ్గులు అన్నీ ఉంటాయని రాశావు. చాలా సంతోషం. చార్టులూ రంగులూ తర్వాత కొనొచ్చు, ముందు నిబంధనల కాగితం రాసుకో. ఆ ఒక్క కాగితం సరిగ్గా ఉంటే సగం పని అయిపోయినట్టే. మార్కులు దేనికిస్తామంటే పిల్లలు దాని గురించే ఆలోచిస్తారు. బొమ్మ బాగుంటే చాలన్నావనుకో, రంగుల గురించే ఆలోచించి ఇంటికి పోతారు.

ముందు తేదీ సంగతి. జూన్ 26ని మాదకద్రవ్యాల వ్యతిరేక దినంగా ఐక్యరాజ్యసమితి 1987లో తీర్మానించింది. ఆ రోజే బహుమతులు ఇచ్చేద్దామనుకోకు. బళ్లు తెరిచేది జూన్ 12న, పుస్తకాలు పంచేసరికే వారం పోతుంది. మిగిలిన వారంలో పిల్లలు ఫోన్లో దొరికిన బొమ్మ దింపి తెస్తారు, అంతే. జూన్ 26న పోటీ ప్రకటించు, బహుమతులు ఆగస్టు 15న పెట్టుకో. మత్తు మాన్పించడానికి కేంద్ర ప్రభుత్వం పెట్టిన నషా ముక్త్ భారత్ అభియాన్ మొదలైంది కూడా 2020 ఆగస్టు 15నే. మధ్యలో ఏడు వారాలుంటాయి. మొదటి రెండు వారాలు ఎవరూ కుంచె పట్టకూడదు, వారానికో పీరియడు కూర్చుని మాట్లాడుకోవడమే.

ఇక అంశం. 'మాదకద్రవ్యాల దుష్పరిణామాలు' అని మాత్రం ఇవ్వకు. ఆ మాట వినగానే పుర్రె, సిరంజీ, ఉరితాడు, గంజాయి ఆకు గీసేస్తారు. ఈ నాలుగూ నిబంధనల్లోనే నిషేధించు. భయపెడితే మానేస్తారని మనం అనుకుంటాం గాని, అది పనిచేయదని చాలాకాలంగా తేలిన విషయం. ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాల కార్యాలయం 2013లో ఒకసారి, 2018లో మరోసారి నివారణ ప్రమాణాలు ప్రచురించింది. భయపెట్టడం, ఒకప్పుడు మత్తుకి బానిసై మానినవాళ్లని తెచ్చి అనుభవాలు చెప్పించడం ఫలితం ఇవ్వవని అందులో ఉంది. పిల్లాడి బుర్రలో జరిగేది ఏటంటే, పోస్టరులో పుర్రె కనిపిస్తుంది, బయట చూస్తే బీడీ కాల్చే మావయ్య నిక్షేపంగా తిరుగుతుంటాడు. దాంతో మనం చెప్పిందంతా అబద్ధమని తేల్చేసుకుంటాడు. ఆ తర్వాత నిజం చెప్పినా వినడు. ఆకు బొమ్మ ఇంకా ప్రమాదం, టీషర్టుల మీద వేసుకునే ఫ్యాషనైపోయింది కదా.

దానికి బదులు ఇరుకైన ప్రశ్న ఇవ్వు. ఆరు, ఏడు తరగతులకి 'సాయంత్రం 5 నుంచి 7 దాకా మా ఊళ్లో ఏం చేస్తే బాగుంటుంది'. ఎనిమిది నుంచి పది దాకా 'స్నేహితుడు ఇచ్చినప్పుడు స్నేహం చెడకుండా వద్దనడం ఎలా'. రెండోదే అసలు కష్టమైన ప్రశ్న. మొదటిసారి ఇచ్చేది దాదాపు ఎప్పుడూ తెలిసినవాడే, రైల్వేస్టేషన్లో నల్లకోటు మనిషి కాదు. అందుకే 'వద్దు' అనే ఒక్క మాట చాలదు. మాట మార్చడం, పని ఉందని లేచిపోవడం, 'నాకు రేపు కబడ్డీ ఉందిరా' అనడం, ఇంకొకడిని తోడు పెట్టుకోవడం, ఇవన్నీ నోటితో పలికి అలవాటు చేసుకోవాలి. ఆ మొదటి రెండు పీరియడ్లలో ఇద్దరిద్దర్ని నిలబెట్టి ఈ మాటలు అనిపించు.

చిన్నవాళ్లకి మొదట ఎదురయ్యేవి ఖైనీ, గుట్కా, బీడీ. వాటితోనే మొదలుపెట్టు. వాసన పీల్చే మత్తుల విషయంలో మాత్రం జాగ్రత్త, ఏ వస్తువుని వాడతారో పేరు చెప్పకు, పోస్టరు మీద రాయనివ్వకు. తెలియని పిల్లాడికి మనమే నేర్పినట్టవుతుంది.

ఒక్క లెక్క మాత్రం పిల్లలకి తప్పకుండా చెప్పు. ఎయిమ్స్ వాళ్లు చేసి 2019లో వెలువరించిన జాతీయ సర్వేలో, 10 నుంచి 75 ఏళ్ల మధ్యవాళ్లలో ఏడాదిలో ఎప్పుడైనా భంగు, గంజాయి లాంటివి వాడినవాళ్లు 2.8 శాతం. అంటే 100 మందిలో 97 మంది ముట్టుకోలేదు. 'అందరూ చేస్తున్నార్రా' అన్న మాటకి ఇంతకంటే గట్టి జవాబు లేదు. పోస్టరు మీద 97 చుక్కలు ఒక రంగులో, మూడు వేరే రంగులో పెట్టినా చాలు.

ఇంకొకటి, ఇది మరీ మరీ చెబుతున్నాను. గంజాయి అనగానే ఏజెన్సీ కొండలు, కొండ మనిషి, గోనె బస్తా గీస్తారు. గీయనివ్వకు. సీతంపేట, గుమ్మలక్ష్మీపురం వైపు నుంచి వచ్చి హాస్టల్లో ఉండే పిల్లలు అదే బెంచీ మీద కూర్చుంటారు. ఆ బొమ్మ గోడకెక్కితే వాళ్ల మనసు ఎంత విరిగిపోతుందో ఆలోచించు.

నాటికల్లో ఒక తప్పు ప్రతిచోటా జరుగుతుంది. తాగుబోతు వేషం. తూలుతూ వస్తాడు, జనం విరగబడి నవ్వుతారు, ఆఖర్న వచ్చి నీతులు చెప్పే మాస్టారి వేషం ఎవరికీ గుర్తుండదు. మర్నాటి నుంచి బడంతా ఆ తూలుడే. కాబట్టి వేదిక మీద తాగడం, పీల్చడం, తూలడం ఉండకూడదని రాసెయ్. కథ ఇవ్వబోయే క్షణం దగ్గర మొదలై, తప్పించుకున్న తర్వాత ముగియాలి. ఆరుగురికి మించి వద్దు, ఐదు నిమిషాలు. మన జముకుల కథ దీనికి చక్కగా సరిపోతుంది. కథకుడు చెబుతుంటే పక్కనున్నవాళ్లు అడ్డుతగిలి ప్రశ్నలడగొచ్చు. తప్పెటగుళ్లు పెడితే ఊపు బాగా వస్తుంది గాని, గెంతుతూ పాడితే ఆయాసంతో మాట వినపడదు. చెప్పాల్సిన వాక్యం వాయింపు ఆగిన చోట, ఒక్కడి చేత పలికించు.

పోస్టరుకి సగం చార్టు ఇవ్వు, అంటే 22 అంగుళాలు, 14 అంగుళాలు. పూర్తి చార్టు ఇస్తే నింపలేక మెరుపు పెన్నులతో అంచులు దిద్దుతూ కూర్చుంటారు. ఏడు మాటలకి మించి రాయకూడదు. పదిహేను అడుగుల నుంచి చదవాలంటే అక్షరం రెండంగుళాల ఎత్తుండాలి. తెలుగులో ఒత్తులు కిందికి దిగుతాయి కాబట్టి రెండు వరసల మధ్య ఇంకో అంగుళం ఖాళీ వదలాలి. ఇది వదలకపోతే పై వరస ఒత్తు కింది వరస గుడి మీద కూర్చుంటుంది. తెల్ల చార్టు మీద పసుపు అక్షరాలు దూరానికి కనపడవు. పోస్టరు రంగు చిక్కగా పూసి చుట్టేస్తే ఎండిన రంగు పెచ్చులూడిపోతుంది, పరిచే ఉంచు. వానాకాలం కదా, వరండా బయటి గోడకి తగిలించకు. చార్టులు, రంగులు బడే ఇవ్వాలి. ఐదుగురికి ఒక ఆరు రంగుల పెట్టె, ఒక సన్న కుంచె, ఒక వెడల్పు కుంచె. ఇంటి నుంచి తెచ్చుకోమంటే డబ్బున్న ఇంటి పోస్టరే గెలుస్తుంది.

ముగ్గులు మాత్రం ఆగస్టులో వద్దు, ధనుర్మాసానికి ఉంచు. అమెరికాలో రెడ్ రిబ్బన్ వారమని అక్టోబరు 23 నుంచి 31 దాకా చేస్తారు. 1985లో మెక్సికోలో హత్యకు గురైన ఎన్రిక్ కామరేనా అనే మాదకద్రవ్యాల నిరోధక అధికారి జ్ఞాపకంగా మొదలైంది. అక్కడ పిల్లలూ తల్లిదండ్రులూ కలిసి గుమ్మం అలంకరించి ఫొటో పంపే పోటీ ఒకటుంది. మనకి గుమ్మం ముందు ముగ్గు ఎలాగూ ఉంది. నిబంధన ఒక్కటే: ఇంట్లో పెద్దవాళ్లలో ఒకరు చెయ్యి వెయ్యాలి, ముగ్గు వేస్తూ ఏం మాట్లాడుకున్నారో మూడు వాక్యాలు రాసివ్వాలి. ఆ మూడు వాక్యాలకి ముగ్గు కంటే ఎక్కువ మార్కులు పెట్టు. నాలుగడుగుల చదరం చాలు. కళ్లాపి తడి ఆరకముందే రంగు చల్లితే అంచులు పాకేస్తాయి. ఫొటో ఎండెక్కకముందే పీటో స్టూలో ఎక్కి పైనుంచి తియ్యాలి, పిల్లల ముఖాలు అందులో పడకుండా.

మార్కులు నూటికి ఇలా వెయ్యమంటాను. వద్దనే ఉపాయం నిజంగా పనికొచ్చేదా అన్నదానికి 35, చెప్పిన విషయం నిజమా అన్నదానికి 25, సాయం ఎక్కడ దొరుకుతుందో చెప్పినందుకు 15, సొంత ఆలోచనకి 15, కళకి 10. డ్రాయింగు మాస్టారు పదేనా అని నొచ్చుకుంటారు, ముందే కూర్చోబెట్టి చెప్పు. న్యాయనిర్ణేతలు ముగ్గురు: ఆయన, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం నుంచి ఒక డాక్టరో నర్సో, ఇంటర్ చదివే పాత విద్యార్థి ఒకరు. పోస్టరు వెనక పేరు బదులు అంకె మాత్రమే ఉండాలి. ఎవరికి వాళ్లు విడిగా వేశాక కలుపు. ఇద్దరి మధ్య 20 మార్కులు దాటి తేడా వస్తేనే చర్చ.

సాయం నంబర్లు కలిపేయకు. మానడానికి సాయం కావాలంటే 14446. మనసు బాగోలేదంటే టెలీ మానస్, 14416. అమ్మకాలూ రవాణా గురించి చెప్పడానికి మన రాష్ట్రంలో మత్తుమందుల్ని అరికట్టే పోలీసు విభాగం ఈగల్ వాళ్ల నంబరు 1972. పోస్టరు మీద 1972 ఒక్కటే వేస్తే, సాయం కావలసిన పిల్లాడు పోలీసులు వస్తారని భయపడి ఏ నంబరుకీ ఫోన్ చెయ్యడు.

బడికి 100 గజాల లోపు పొగాకు అమ్మకూడదని 2003 చట్టం. అది సుమారు 91 మీటర్లు. గేటు నుంచి అడుగులు కొలిచి పటం గీసే పని పెద్ద తరగతులకి ఇవ్వొచ్చు, ఒక మాస్టారు వెంట ఉండాలి. కొట్టువాడితో మాట్లాడటం, గంజాయి ఎవరమ్ముతున్నారో ఆరా తియ్యడం పిల్లల పని ఎంతమాత్రం కాదు.

అన్నింటికంటే ముందు నువ్వు సిద్ధపడాల్సింది ఒకటుంది. ఏదో ఒక పోస్టరులోనో, ముగ్గు కింద రాసిన మూడు వాక్యాల్లోనో ఒక పిల్ల తన ఇంటి సంగతి రాసేస్తుంది. అది గోడకి పెట్టకు, స్టాఫ్‌రూములో చదివి వినిపించకు, బహుమతి కూడా ఇవ్వకు. ఇస్తే వేదిక మీద చదవాల్సి వస్తుంది. ఆ పిల్లకి నమ్మకమున్న టీచరమ్మ ఒకరు విడిగా, తలుపు తెరిచి ఉంచి, నెమ్మదిగా మాట్లాడాలి. ఎవరికీ చెప్పనని మాటివ్వకూడదు, 'నీకు సాయపడేవాళ్లకే చెబుతాను' అనాలి. ఇంట్లో దెబ్బలూ ప్రమాదం ఉంటే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చెయ్యాలి. ఆ టీచరమ్మ ఎవరో పోటీ ప్రకటించే ముందే అనుకోండి.

బహుమతులకి డబ్బు వద్దు, పెద్ద కప్పూ వద్దు. గెలిచిన తరగతికి వాలీబాలూ నెట్టూ, ఇంకో తరగతికి స్కిప్పింగు తాళ్లు. ఆమదాలవలస పక్క ఊసవానిపేట నుంచి వెళ్లి కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చిందని మీ పిల్లల్లో ఎంతమందికి తెలుసో అడిగి చూడు. ఇటు మా కొండవెలగాడలోనూ బరువులెత్తే పిల్లలే. సాయంత్రం 5 నుంచి 7 దాకా ఏం చెయ్యాలన్న ప్రశ్నకి జవాబు పక్క ఊళ్లోనే ఉంది.

నిబంధనల కాగితం రాసి బేగి పంపు, ఒకసారి చూసిస్తాను. చెల్లాయిని అడిగానని చెప్పు.

నీ
బావ